కిలో చమురుకి ఎన్ని యూనిట్లు?

(చిన్న చమురు విద్యుత్ కేంద్రాల గురించి ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఒక లెక్కతో మొదలుపెడతాను. కిలో ఫర్నేస్ ఆయిల్‌ని పూర్తిగా మండిస్తే వచ్చే వేడి సుమారు 11 యూనిట్లకి సమానం. యూనిట్ అంటే కరెంటు మీటరు లెక్కపెట్టే యూనిట్టే, ఒక కిలోవాట్ గంట. అదే కిలో ఆయిల్‌ని ఓ మంచి చిన్న ప్లాంటులో వాడితే తీగల్లోకి వెళ్లేది ఐదు యూనిట్లకి కాస్త అటూ ఇటూ. మిగతా ఆరూ ఏమయ్యాయి? ఇవాళ నేను చెప్పేది చాలావరకు ఆ ఆరు యూనిట్ల సంగతే. ప్లాంటులో పనిచేసేవాళ్లకి రోజంతా వాటితోనే సరిపోతుంది. కరెంటు పుట్టించే పని జనరేటరు తన మానాన తాను చేసుకుపోతుంది. దాన్ని పట్టించుకోవాల్సిన అవసరమే తక్కువ.

చమురుతో కరెంటు తీసే పద్ధతులు మూడున్నాయి. మొదటిది, చమురుని బాయిలర్‌లో మండించి, నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో టర్బైన్ తిప్పడం. బొగ్గు ప్లాంటులో జరిగేదే, బొగ్గు స్థానంలో చమురు. చమురు చవగ్గా దొరికిన రోజుల్లో పెద్ద పెద్ద కేంద్రాలనే ఇలా నడిపారు. లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఉన్న బ్యాంక్‌సైడ్ కేంద్రం అలాంటిదే. 1973లో చమురు సంక్షోభం వచ్చేనాటికి ప్రపంచం మొత్తం కరెంటులో దాదాపు నాలుగో వంతు చమురు నుంచే వచ్చేది. తర్వాత ధరలు మండిపోయాయి. బ్యాంక్‌సైడ్‌ని 1981లో మూసేశారు. 2000 నుంచి అది టేట్ మోడర్న్ అనే ఆర్ట్ మ్యూజియం. టర్బైన్లు తిరిగిన హాల్లో ఇప్పుడు శిల్పాలూ కళాఖండాలూ పెడుతున్నారు. ప్రపంచ కరెంటులో చమురు వాటా ఇవాళ మూడు శాతం లోపే.

ఈ ఆవిరి పద్ధతిలో చిన్న ప్లాంటు కడితే కిలో చమురుకి మూడు, మూడున్నర యూనిట్లకి మించి రావడం కష్టం. పైగా చల్లారిన బాయిలర్‌ని వేడెక్కించి టర్బైన్ తిప్పాలంటే గంటలు పడుతుంది. రెండోది గ్యాస్ టర్బైన్. పేరులో గ్యాస్ ఉన్నా డీజిల్‌తోనూ నడుస్తుంది, విమానం ఇంజనుకి దగ్గరి చుట్టం. చకచకా స్టార్టవుతుంది కానీ చిన్న సైజులో ఆయిల్ విపరీతంగా తాగుతుంది. మూడోది ఇంజను. సిలిండర్లు, పిస్టన్లు ఉండే డీజిల్ ఇంజనే, కాకపోతే ఒక్కోటి పదుల టన్నుల బరువు. ఓడల్లో వాడేది కూడా ఈ జాతి ఇంజనే. చిన్న ప్లాంటు అంటే ఇవాళ ఎక్కువగా ఇదే కాబట్టి ఇక్కడే ఆగుదాం. లెక్కల కోసం ఒక ఇంజను అనుకుందాం: ఎనిమిది సిలిండర్లు, 4 మెగావాట్లు, నిమిషానికి 750 చుట్లు.

ఈ ఇంజను ఫుల్ లోడ్‌లో గంటకి సుమారు 800 కిలోల ఫర్నేస్ ఆయిల్ తాగుతుంది. రోజుకి 19 టన్నులు, అంటే రోజూ ఒక పెద్ద ట్యాంకర్ లారీ.

ఫర్నేస్ ఆయిల్ ఏమిటో తెలిస్తే ప్లాంటు సగం అర్థమైనట్టే. రిఫైనరీలో ముడిచమురు నుంచి పెట్రోలు, కిరోసిన్, డీజిల్ వంటివన్నీ తీసుకున్నాక అడుగున మిగిలే నల్లటి మడ్డి ఇది. చవక కాబట్టి వాడతారు, ఇంకే కారణమూ లేదు. దీని చిక్కదనాన్ని సెంటీస్టోకుల్లో చెబుతారు. 380 గ్రేడ్ అంటే 50 డిగ్రీల దగ్గర 380 సెంటీస్టోకులు. అదే 50 డిగ్రీల దగ్గర నీళ్ల చిక్కదనం సుమారు అర సెంటీస్టోక్. సిలిండర్లోకి ఆయిల్ చిమ్మే ఇంజెక్టరు అడిగేది 12 నుంచి 18 మధ్య. అంతకంటే చిక్కగా ఉంటే నాజిల్ నుంచి పొగమంచులా రాదు, ధారలా వస్తుంది. ధార సరిగ్గా మండదు. అందుకే ఈ ఆయిల్‌ని అంచెలంచెలుగా వేడి చేసుకుంటూ పోవాలి. పెద్ద ట్యాంకులో 50 డిగ్రీల దగ్గర ఉంచుతారు, లేకపోతే పంపు లాగలేదు. అక్కడి నుంచి సెట్లింగ్ ట్యాంకు. 70 డిగ్రీల దగ్గర ఒక రోజంతా కదలకుండా ఉంచితే నీళ్లూ మట్టీ చాలావరకు అడుక్కి దిగుతాయి.

దిగనిదాని కోసం సెపరేటర్ ఉంటుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే గిన్నె, అందులో ఒకదాని మీద ఒకటి పేర్చిన సన్నటి డిస్కులు. బరువైన నీళ్లూ చెత్తా అంచుకి పోతాయి, తేలికైన ఆయిల్ మధ్యలోంచి పైకి వస్తుంది. ఆయిల్ ఇందులోకి 98 డిగ్రీల దగ్గర వెళ్లాలి. కొత్తగా చేరిన ట్రైనీలు అడిగేది ఇదే, 98 ఏమిటి, రౌండుగా 100 పెట్టుకోవచ్చు కదా అని. గిన్నె అంచున ఒక పొరలా నీళ్లు నిలబడి ఉంటాయి, ఆయిల్ బయటికి పోకుండా అడ్డుకునేది ఆ నీళ్లే. 100 దాటితే అవి మరిగిపోతాయి, ఆయిల్ చెత్తతోపాటు మడ్డి ట్యాంకులోకి పోతుంది. 90 దగ్గర నడిపితే ఆయిల్ ఇంకా చిక్కగానే ఉంటుంది, చెత్త పూర్తిగా విడిపోదు. అందుకే ఆ 98. కొంతసేపటికొకసారి గిన్నె తెరుచుకుని అంచున చేరిన మడ్డిని ఒక్కసారిగా బయటికి విసురుతుంది, దబ్బున చప్పుడొస్తుంది. ఆ చప్పుడు రావాల్సిన టైముకి రాకపోతే షిఫ్టులో ఉన్నవాడికి టెన్షన్ మొదలవుతుంది.

ఆ చెత్తలో అన్నిటికంటే ప్రమాదకరమైనది కంటికి కనిపించదు. రిఫైనరీలో వాడే ఉత్ప్రేరకం నుంచి రాలిన అల్యూమినియం, సిలికాన్ సమ్మేళనాల పొడి. మైక్రాన్ల సైజు, ఉక్కుని గీకేంత గట్టిదనం. అది సిలిండర్ దాకా చేరితే ఏళ్ల తరబడి అరగాల్సిన లైనరు (సిలిండర్ లోపలి గొట్టం) వారాల్లో అరిగిపోవచ్చు. గంధకం, వెనేడియం అయితే సెపరేటర్‌కి కూడా లొంగవు, ఆయిల్‌లో కరిగి ఉంటాయి. వెనేడియం ఎగ్జాస్ట్ వాల్వుల మీద కరిగి అంటుకుని లోహాన్ని తినేస్తుంది. గంధకం సంగతి తర్వాత వస్తుంది.

సెపరేటర్ దాటాక, శుభ్రమైన ఆయిల్ నిలవ ఉంచే డే ట్యాంకు, అక్కడి నుంచి 130 డిగ్రీల దాకా చివరి వేడి. ఈ లైన్లో ఎప్పుడూ ప్రెజర్ ఉంచుతారు, లేకపోతే ఆయిల్‌లో మిగిలిన కాస్త నీరూ పైపులోనే ఆవిరై బుడగలు కడుతుంది. ఈ వేడంతా ఎక్కడి నుంచి? ఇంజను పొగ గొట్టం మీద పెట్టిన బాయిలర్ నుంచి. మనం పోయాయనుకున్న ఆరు యూనిట్లలో కొంత ఇక్కడ పనికొస్తోందన్నమాట. కానీ ఒక తిరకాసు ఉంది. ఇంజను నడిస్తేనే ఆవిరి, ఆవిరి ఉంటేనే ఆయిల్ పలచన, ఆయిల్ పలచనైతేనే ఇంజను. అందుకే చల్లగా ఉన్న ప్లాంటుని ముందు డీజిల్ మీద స్టార్ట్ చేసి, అంతా వేడెక్కాక ఫర్నేస్ ఆయిల్‌కి మారుస్తారు. ఈ మార్పిడి నింపాదిగా జరగాలి, నిమిషానికి రెండు డిగ్రీలకి మించకుండా. తొందరపడితే ఇంజెక్షన్ పంపులో ప్లంజరు అనే కడ్డీ ఒక రేటున, దాని చుట్టూ ఉన్న బ్యారెల్ ఇంకో రేటున వ్యాకోచించి రెండూ పట్టేసుకుంటాయి. ఎక్కువ రోజులు ఆపేముందు మళ్లీ డీజిల్‌కి వచ్చి పైపులన్నీ కడుక్కోవాలి. మర్చిపోతే ఆయిల్ పైపుల్లోనే తారులా గడ్డకడుతుంది. తర్వాత దాన్ని వదిలించడం ఎవరికీ ఇష్టమైన పని కాదు.

ఇప్పుడు సిలిండర్లోకి వెళ్దాం. 1897లో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షకి నిలబెట్టిన ఇంజను 20 హార్స్‌పవర్‌ది. ఇంధనంలోని వేడిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. అప్పటి ఆవిరి ఇంజన్లు పది శాతం ఇస్తే గొప్ప. ఆయన చేసింది స్పార్క్ ప్లగ్ తీసేయడం. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం అందరూ చూసే ఉంటారు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. పదిహేనో వంతుకి నొక్కితే 500, 600 డిగ్రీలు దాటుతుంది. అంత వేడి గాలిలోకి ఆయిల్ చిమ్మితే నిప్పు అక్కర్లేదు, దానంతటదే అంటుకుంటుంది.

మన ఇంజనులో ఇది ఒక్కో సిలిండర్‌లో సెకనుకి ఆరుసార్లకి పైనే జరుగుతుంది. ఒక్కోసారి నాజిల్ చిమ్మే ఆయిల్ నాలుగు గ్రాములకి కాస్త ఎక్కువ, చిన్న చెంచాడు. వెయ్యి బార్‌లకి మించిన ప్రెజర్‌తో, చాలా సన్నటి కన్నాల్లోంచి చిమ్ముతుంది. ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి. చిమ్మడం, ఆవిరవడం, అంటుకోవడం అన్నీ కొద్ది మిల్లీసెకన్లలో అయిపోవాలి. అప్పుడు సిలిండర్లో 180 బార్‌ల దాకా ప్రెజర్ పుడుతుంది. పిస్టన్ వ్యాసం 32 సెంటీమీటర్లు అనుకుంటే దాని నెత్తిన దాదాపు 145 టన్నుల బరువు పడ్డట్టు. చిన్న చెంచాడు మడ్డి చేసే పని ఇది! ఆ తోపుడు కనెక్టింగ్ రాడ్ మీదుగా క్రాంక్‌షాఫ్ట్‌కి చేరి తిరుగుడుగా మారుతుంది.

ఇక బాకీ ఉన్న లెక్క. 11 యూనిట్ల వేడిలో షాఫ్ట్ దగ్గరికి వచ్చేది ఐదు. పొగతో పోయేది మూడు. సిలిండర్లనీ, టర్బోచార్జర్ నుంచి వచ్చే వేడి గాలినీ, లూబ్ ఆయిల్‌నీ చల్లబరిచే నీళ్లలో కలిసేది రెండున్నర. మిగిలిన కొంచెం ఇంజను ఒంటి మీంచి హాల్లోకి పోతుంది. ఇంజను హాల్లో చెవులకి రక్షణ లేకుండా ఎలా నిలబడలేమో, చెమట పట్టకుండా కూడా నిలబడలేం.

ఇదంతా చెత్త డిజైన్ వల్ల అనుకోకండి. 1824లోనే సాది కార్నో అనే ఫ్రెంచి ఇంజినీరు తేల్చాడు, వేడిని మొత్తంగా పనిగా మార్చే ఇంజను ఉండదని. వేడిలో కొంత భాగం చల్లటి చోటుకి పోయి తీరాలి. మనం చేయగలిగింది పోయేదాన్ని దారిలో వాడుకోవడమే. టర్బోచార్జర్ ఆ పొగతోనే తిరిగి సిలిండర్లకి గాలి నొక్కి పంపుతుంది. ఆ తర్వాత బాయిలర్ ఆవిరి తీస్తుంది. అయినా పొగని పూర్తిగా చల్లార్చలేం. గంధకం సంగతి తర్వాత చెబుతానన్నాను కదా, అది ఇక్కడ అడ్డం వస్తుంది. పొగ 150 డిగ్రీల కిందికి దిగితే అందులోని గంధకపు ఆక్సైడ్లు తేమతో కలిసి గొట్టం గోడల మీద సల్ఫ్యూరిక్ ఆమ్లంగా కూర్చుంటాయి. ఇంకో అర యూనిట్ వేడి పిండుకుందామని ఆశపడితే బాయిలర్ ట్యూబులే పోతాయి. నా మటుకు నేను ప్లాంటు బాగోగులు చూడాలంటే కరెంటు మీటర్ల కంటే ముందు ఈ పొగ ఉష్ణోగ్రతలు చూస్తాను. ఒక్కో సిలిండర్‌కి ఒక్కో థర్మామీటరు ఉంటుంది. ఏడింటిలో ఒకలా ఉండి ఎనిమిదోది నలభై డిగ్రీలు ఎక్కువ చూపిస్తే, అక్కడి ఇంజెక్టరో వాల్వో ఏదో చెబుతున్నట్టే.

జనరేటర్ విషయం త్వరగా చెప్పేస్తాను, మీరంతా చదువుకున్నదే. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం: తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే చుట్టలో కరెంటు పుడుతుంది. మన ఇంజను నిమిషానికి 750 చుట్లు తిరుగుతుంది కాబట్టి రోటర్ మీద ఎనిమిది ధ్రువాలు పెడితే సరిగ్గా 50 హెర్ట్జ్ వస్తుంది. 6.6 లేదా 11 కిలోవోల్టుల దగ్గర కరెంటు బయటికొస్తుంది. షాఫ్ట్ నుంచి తీసుకున్నదాంట్లో మూడు శాతమే పోగొడుతుంది. ఇంత బుద్ధిమంతురాలైన యంత్రం ప్లాంటులో ఇంకోటి లేదు.

దాని మీద పడే లోడ్ మాత్రం బుద్ధిమంతురాలు కాదు. తీగల్లో కరెంటు నిలవ ఉండదు. ఎక్కడో ఒక పెద్ద మోటారు స్విచ్ వేసిన క్షణంలోనే ఆ శక్తి ఎక్కడి నుంచో రావాలి. ముందు వచ్చేది తిరుగుతున్న రోటర్, ఫ్లైవీల్‌లలో ఉన్న ఊపు నుంచి. దాంతో అవి రవ్వంత నెమ్మదిస్తాయి, ఫ్రీక్వెన్సీ 50 నుంచి 49.8కి జారుతుంది. ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ అది చూసి, ఆయిల్ మోతాదు మార్చే ఫ్యూయల్ ర్యాక్‌ని ముందుకి తోస్తుంది, ఒక్కో చిమ్ముకీ ఆయిల్ పెరుగుతుంది. పెద్ద గ్రిడ్‌లో వందలాది యంత్రాలు ఈ దెబ్బని పంచుకుంటాయి. దీవిలో రెండు ఇంజన్ల ప్లాంటులో పంచుకోవడానికి ఎవరూ ఉండరు. లోడ్ వచ్చి పడితే ఇంజను గొంతు మారడం కంట్రోల్ రూం అద్దాల వెనకాల కూర్చున్నవాడికి కూడా తెలుస్తుంది.

రెండో ఇంజనుని నడుస్తున్న మొదటిదానితో కలపడాన్ని సింక్రనైజ్ చేయడం అంటారు. వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ఫేజ్ మూడూ కలవాలి. ప్యానెల్ మీద గడియారం లాంటి మీటరు ఉంటుంది, సింక్రోస్కోప్. కొత్త ఇంజను వేగం ఎక్కువైతే ముల్లు కుడివైపు తిరుగుతుంది, తక్కువైతే ఎడమవైపు. కుడివైపు నిదానంగా తిరిగేలా స్పీడు సరిచేసుకుని, ముల్లు పన్నెండుకి ఒక్క పిసరు ముందుండగా బ్రేకర్ (రెండింటినీ కలిపే పెద్ద స్విచ్) వేయాలి, ఎందుకంటే బ్రేకర్ మూసుకోవడానికి కూడా కొంత సమయం పడుతుంది. సరిగ్గా పడితే ఏమీ వినపడదు. ముల్లు ఆరు దగ్గర ఉండగా వేస్తే టన్నుల బరువున్న రోటర్లని రెండు వైపుల నుంచి మెలితిప్పినట్టే, కప్లింగులు విరిగిపోవచ్చు. ఇప్పుడు ఆటోమేటిక్ రిలేలే చేస్తున్నాయి. అయినా చేత్తో చేయడం రానివాడిని షిఫ్టు ఇంచార్జిగా పెట్టకూడదని నా అభిప్రాయం.

ఇంత ఖర్చు, ఇంత మడ్డి, ఇంత పొగ. మరి ఎందుకు? ట్యాంకు కోసం. తొమ్మిది మీటర్ల వ్యాసం, పది మీటర్ల ఎత్తున్న ఒక్క ట్యాంకులో మన 4 మెగావాట్ల ఇంజనుకి నెల రోజుల తిండి ఉంటుంది. కిలో ఆయిల్ నుంచి చేతికొచ్చే ఐదు యూనిట్లని లిథియం బ్యాటరీలో దాచాలంటే ఇరవై కిలోలకి పైనే బ్యాటరీ కావాలి. గ్రిడ్ చేరని దీవి, గని, ఎప్పుడూ కరెంటు పోకూడని ఆసుపత్రి, ఇలాంటిచోట జనం కొనేది యూనిట్లని కాదు, ఆ భరోసాని. పగలూ రాత్రీ గ్రిడ్ అందుబాటులో ఉన్నచోట చమురుతో నిత్యం కరెంటు తీయడం మాత్రం డబ్బు తగలెయ్యడమే.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, లోడ్ పెరిగినప్పుడు నల్లటి పొగ ఎందుకొస్తుంది?

ఆయిల్ వెంటనే పెరుగుతుంది బాబూ, గాలి పెరగదు. గాలి తెచ్చేది టర్బోచార్జర్, అది పొగతో తిరుగుతుంది. పొగ పెరిగి, అది వేగం పుంజుకునేలోపు కొన్ని సెకన్లు ఆయిల్‌కి చాలినంత గాలి ఉండదు, సగం కాలిన కార్బన్ మసిగా వస్తుంది. అందుకే ఖాళీగా తిరుగుతున్న ఇంజను మీద లోడ్ మొత్తం ఒకేసారి పెట్టరు, అంచెలుగా ఎక్కిస్తారు. కనపడని పొగ సంగతి కూడా చెబుతాను. కిలో ఆయిల్ కాలిస్తే మూడు కిలోలకి పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కిలో నుంచి మూడు కిలోలేమిటంటే, బరువులో ఎక్కువ భాగం గాలిలోని ఆక్సిజన్‌ది. మన ఇంజను రోజుకి వదిలేది దాదాపు 60 టన్నులు.

ప్రశ్న: ప్లాంటు మొత్తం ఆగిపోతే, బయటి కరెంటు కూడా లేకపోతే, మళ్లీ ఎలా స్టార్ట్ చేస్తారు సార్?

గాలితో అమ్మా. ఇంత పెద్ద ఇంజనుని బ్యాటరీ మోటారు తిప్పలేదు. 30 బార్‌ల దగ్గర గాలి నింపిన సీసాలుంటాయి. ఆ గాలి వరసక్రమంలో సిలిండర్లలోకి వెళ్లి పిస్టన్లని తోస్తుంది, వేగం అందుకోగానే ఆయిల్ మొదలవుతుంది. కంట్రోళ్లకి బ్యాటరీలు ఉంటాయి. పంపులకి, కంప్రెసర్‌కి కరెంటు ఇవ్వడానికి పక్కన ఓ చిన్న డీజిల్ సెట్ ఉంటుంది. ప్లాంటు ఎంత పెద్దదైనా ఆ చిన్న సెట్ పనిచేయని రోజున చేతులు కట్టుకు కూర్చోవాల్సిందే. కాబట్టి దాన్ని వారం వారం నడిపి చూడాలి.

ప్రశ్న: సోలార్, గాలిమరలు వస్తే ఈ ఇంజన్లు పూర్తిగా ఆగిపోతాయా?

కొన్నిచోట్ల ఆగుతున్నాయి, కొన్నిసార్లు. స్పెయిన్‌కి చెందిన కెనరీ దీవుల్లో ఎల్ హియెర్రో అని ఒక చిన్న దీవి ఉంది. అక్కడ 2014 నుంచి గాలిమరలతో కరెంటు తీస్తూ, మిగిలినదాంతో నీటిని కొండ మీది రిజర్వాయర్‌కి ఎక్కించి దాచుకుంటున్నారు. కొన్నిసార్లు రోజుల తరబడి డీజిల్ ఇంజన్లు ముట్టుకోకుండానే దీవి నడిచింది. కానీ ఆ ఇంజన్లని పీకెయ్యలేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఇంజనుని సగం ఆపి ఉంచలేం. ముప్పై శాతం లోడ్ కంటే కింద గంటల తరబడి నడిపితే సిలిండర్ సరిగ్గా వేడెక్కక ఆయిల్ పూర్తిగా మండదు, లైనర్ల మీద నున్నటి పొర కడుతుంది, పొగ గొట్టంలోకి జిడ్డు చేరుతుంది. కాబట్టి నడిపితే గట్టిగా నడపాలి, లేదా పూర్తిగా ఆపి సిద్ధంగా ఉంచాలి. సిద్ధంగా అంటే సిలిండర్ల చుట్టూ తిరిగే జాకెట్ నీళ్లని హీటర్‌తో 60, 70 డిగ్రీల దగ్గర ఉంచి, బేరింగులకి లూబ్ ఆయిల్ పంపు తిరుగుతూనే ఉండాలి. అలా ఉంచిన ఇంజను కొద్ది నిమిషాల్లో లోడ్ అందుకుంటుంది. చల్లారిన ఇంజనుకైతే ఆ నీళ్లు వేడెక్కడానికే గంటలు పడుతుంది.